మలుపు దగ్గర పిలుపు

వేటకు వెళ్తున్నామని ఉత్తరాన మంచుకొండల మధ్య ఉన్న ఆ ఊళ్ళో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. చెబితే అడవి వింటుంది. "నది ఎలా ఉందో చూసొస్తాం" అంటారు, పడవలో తుపాకీ, ఉప్పు సంచీ, నాలుగు డబ్బాల పెట్రోలు పెట్టుకుని మరీ. వినేవాళ్ళు తక్కువ తిన్నారా, "నీళ్ళు తీశాయట, జాగ్రత్త" అని ఊరుకుంటారు. అలాంటి ఊళ్ళో, సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున, ఆరేళ్ళ జూనీ రేవు గట్టు మీద నిలబడి అందరికీ వినిపించేలా అరిచింది.

"తాతా! పెద్ద మూస్ దుప్పిని కొట్టుకురా! ముక్కు మాంసం నాకే!"

పడవలో సామాను సర్దుతున్న ఆంబ్రోస్ చెయ్యి ఆగిపోయింది. ఏకంగా పేరే పలికేసింది పిల్ల!

"ఓసి నీ నోరు పడిపోను! అలా అనకూడదే. పొడుగుకాళ్ళాయన అనాలి. ఆయనకి చెవులు పెద్దవి, వింటాడు."

"ముక్కు కూడా పెద్దదే. అందుకే అడిగా," అంది జూనీ, ఏమాత్రం తగ్గకుండా.

రేవులో చేపలు కడుగుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మోటారు దగ్గర కూర్చున్న వర్జిల్ మాత్రం నవ్వలేదు.

వర్జిల్ ఆంబ్రోస్‌కి బావమరిది, పోయిన భార్య మీడాకి తమ్ముడు. అక్కడ వంశాన్ని గుంపు అంటారు, గుంపుకో జంతువుదో పక్షిదో పేరు; బిడ్డలు తల్లి గుంపుకే చెందుతారు. మీడాది తోడేలు గుంపు. ఆమె కూతురు నోరీన్‌దీ అదే, నోరీన్ కన్న జూనీదీ అదే. ఆంబ్రోస్ కాకి గుంపువాడు. ఎంత పెంచనీ, ఎంత గుండెల మీద ఆడించనీ, ఆ పిల్ల ఎవరింట్లో పెరగాలో తేల్చేది తోడేలు గుంపు పెద్ద. ఆ పెద్ద వర్జిల్. నోరీన్ నదిలో మునిగిపోయి ఏడాది కావస్తోంది. వచ్చే శనివారం సమాధి మీద రాయి నిలబెట్టి ఊరికి విందు పెడతారు. జూనీ సంగతి ఆ విందులోనే చెబుతానన్నాడు వర్జిల్.

"టౌనులో మా చెల్లి కూతురు కరీన్ తీసుకుంటానంటోంది. దాని ఇద్దరు పిల్లలతో పాటు ఇది మూడోది. బడి కూడా పక్కనే," అన్నాడు వారం కిందట, టీ గ్లాసు తిప్పుతూ. "నువ్వు సాకగలిగితే నీ దగ్గరే ఉండనీ బావా, నాకేం? సాకగలవని నాకు చూపించు."

చూపించడమంటే ఆ కొండల్లో ఒకటే అర్థం. విందుకి కావలసిన మాంసం తన చేతుల మీదుగా రావాలి.

వచ్చిన చిక్కల్లా ఒకటే, ఆంబ్రోస్‌కి కళ్ళు పోతున్నాయి. రెండేళ్ళుగా చూపు నడిమధ్యలో పొగ కూర్చుంది. అంచులు కనిపిస్తాయి, మధ్య కనిపించదు. మనిషి ఎదురైతే టోపీ తెలుస్తుంది, బూట్లు తెలుస్తాయి, ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది కూడా నిలుస్తుందన్న నమ్మకం లేదనీ టౌను ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి రాగానే ఆ కాగితం పొయ్యిలో పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. తెలిసిన దారులు, పని తెలిసిన చేతులు, అరవై నాలుగేళ్ళ అలవాటు. వాటి మీద నెట్టుకొస్తున్నాడు. జూనీ ముఖం ఈ మధ్య ఎలా మారిందో అతనికి తెలియదు. రెండు జడలు తెలుసు, ఎర్ర బూట్లు తెలుసు. దొంగచాటుగా పక్కకి చూస్తే ఒక్కోసారి బుగ్గ కనిపిస్తుంది.

పోనిది గొంతొక్కటే. పెంటి దుప్పి పిలిచినట్టు పిలుస్తాడు, పోతు గురగురలాడినట్టు గురగురలాడతాడు. ఎండిన భుజం పలక ఎముక పట్టుకుని పొదల్ని గీరాడంటే, పోతు కొమ్ములు రుద్దుకుంటోందని సాటి వేటగాళ్ళే తుపాకీ ఎత్తేవాళ్ళు. వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు ఊరి పైనున్న నది మలుపు దగ్గర మోటారు ఆపించి, తల్లి దుప్పి గొంతుతో ఒక్క పిలుపు పిలుస్తాడు. రేవులోంచి జూనీ దూడలా అరుస్తూ బదులిస్తుంది, అరుస్తూనే నీళ్ళ దాకా పరిగెత్తుకొస్తుంది. ఒకప్పుడు ఇది నోరీన్ ఆట. తల్లి పోయాక మళ్ళీ నది కరిగేదాకా ఒక్క మాటా మాట్లాడని పిల్ల, మొదట నోరు విప్పింది ఆ పిలుపుకే. అప్పుడు పడవలోనే కూర్చుని ఏడ్చాడు ముసలాడు. ఆ పిల్ల కూడా వెళ్ళిపోతే ఆ ఇంట్లో అతనికి ఇంకేం మిగులుతుంది, పొయ్యి తప్ప? అందుకే కళ్ళున్నవాడిలా తుపాకీ భుజాన వేసుకుని బయల్దేరాడు.

రోజంతా నదికి ఎదురెళ్ళారు. ఆకులన్నీ పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి. కొండల తలలు అప్పుడే మంచుతో తెల్లబడ్డాయి.

"ఏం బావా, పోయినేడు ఐదు తూటాలు కాల్చి ఐదు చెట్లని చంపావట?" అన్నాడు వర్జిల్ మోటారు హోరు మీదుగా.

"ఏం చెయ్యను, నీలాగే అడ్డంగా నిలబడ్డాయి."

వర్జిల్ ఈసారి కాస్త నవ్వాడు. కాసేపటికి కుడివైపు కొండకేసి చెయ్యి చూపాడు. "అవిగో, కొండగొర్రెలు. చూశావా?"

"మూడు," అన్నాడు ఆంబ్రోస్ తడుముకోకుండా. ఆ కొండ మీద గొర్రెలు లేనిదెప్పుడు? వర్జిల్ పడవని ఇసుకమేట నుంచి తప్పించాడు.

సాయంత్రం వాగు నదిలో కలిసే చోట టార్పాలిన్ కట్టారు. తినబోయే ముందు ఆంబ్రోస్ ఎండుమాంసం ముక్క ఒకటి మీడా పేరున, ఒకటి నోరీన్ పేరున నిప్పులో వేశాడు. అవి చిటపటలాడి నల్లబడ్డాయి.

"నాకొకటి అర్థం కాదు బావా," అన్నాడు వర్జిల్ నిప్పుకేసి చూస్తూ. "నదిని నోరీన్ ఎరిగినట్టు ఈ ఊళ్ళో ఎవరెరుగుదురు? కొత్త మంచు మీదికి అదెలా దిగింది?"

"నాకేం తెలుసు?" అని ఆంబ్రోస్ గ్లాసులో మిగిలిన టీ నేల మీద పారబోశాడు. అతనికి తెలుసు. భూమ్మీద ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పొడిపొడిగా పేరుకుంది. ఇద్దరూ వాగు వెంబడి రెండు గంటలు ఎక్కారు. పైన పాత కార్చిచ్చుకి కాలిన చోటు ఉంది. మాడిన స్ప్రూస్ చెట్ల మొద్దులు నిలబడినవి నిలబడగా, వాటి మధ్య విల్లో పొదలు మనిషెత్తు పెరిగాయి. పొడుగుకాళ్ళాయనకి అవంటే ప్రాణం. ఆంబ్రోస్ వంగి నేల తడిమాడు. గిట్టల జాడలు తాజాగా ఉన్నాయి, అంచులు ఇంకా విరగలేదు.

"నువ్వు పిలువు, నేను కాలుస్తా," అన్నాడు వర్జిల్ గుసగుసగా. పద్ధతి కూడా అదే, పిలిచేవాడొకడు, కాల్చేవాడొకడు.

"రెండూ నేనే."

"అంతా నువ్వే అయితే నేనెందుకు వచ్చినట్టు, టీ కాయడానికా?"

"నీకు అదీ సరిగ్గా రాదు. నిన్నటిది గుర్రం ఉచ్చలా ఉంది. ఆ లోయ అవతలికి పోయి కూర్చో. గాలి అటు తిరిగితే దగ్గి చెప్పు."

వర్జిల్ అతన్ని ఒక నిమిషం చూశాడు. చూశాడని ఆంబ్రోస్‌కి టోపీ కదలకపోవడం వల్ల తెలిసింది. తర్వాత అడుగుల చప్పుడు లోయలోకి దిగి, అవతలి గట్టెక్కి, ఆగింది.

ఆంబ్రోస్ మొద్దుకి ఆనుకుని కూర్చుని ఎముక తీశాడు. వాళ్ళ నాన్న చేతి చెమటకి అరిగి నున్నబడిన ఎముక అది. పొదని గీరాడు. ఆగాడు. మళ్ళీ గీరాడు, కొమ్మ ఒకటి విరిచాడు. దోసిలి నోటికి పెట్టి సన్నగా, దీర్ఘంగా, వేడుకుంటున్నట్టు పిలిచాడు. చాలాసేపు ఏమీ లేదు. వేళ్ళు కొంకర్లు పోయాయి. అప్పుడు కింద, పొదల్లో, "ఊఁక్."

పోతు! మళ్ళీ "ఊఁక్", ఇంకాస్త దగ్గరగా. పుల్లలు విరిగాయి. ఆంబ్రోస్ తుపాకీ ఎత్తి, సూటిగా చూస్తే పొగే కాబట్టి, చూపుని పక్కకి తిప్పి చూశాడు. ఎదురుగా పెద్ద నల్లటి ఆకారం కదిలింది. దానికి అటూ ఇటూ, చూపు అంచుల్లో, కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న కొమ్ములు. అబ్బ, ఏం కొమ్ములు! బారెడున్నాయి. ఒక్క విందు కాదు, చలికాలమంతా వెళ్ళిపోతుంది. చూడు వర్జిల్, చూసుకో, అనుకున్నాడు. కాల్చాడు.

బరువుగా పడిన చప్పుడు. దాని వెనకే మరొకటి పొదల్ని విరుచుకుంటూ పరుగెత్తిన చప్పుడు.

ఆ రెండో చప్పుడు అతనికి నచ్చలేదు. తుపాకీ పట్టుకుని దగ్గరికి నడిచాడు, పక్కన మోకరించి చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది, ఊపిరి లేదు. వీపు మూపురం మీదుగా మెడ దాకా, మెడ మీదుగా చెవి దాకా తడిమాడు. చెవి ముందు కొమ్ము ఉండాల్సిన చోట బొచ్చు. రెండో పక్క తడిమాడు. బొచ్చే. తలెత్తి పక్కచూపు చూస్తే దాని వెనక మాడిన చెట్టొకటి రెండు వైపులా మోడుకొమ్మలు చాచి నిలబడి ఉంది. ముసలాడి చెయ్యి కడుపు కిందికి వెళ్ళింది. పొదుగు. వేళ్ళకి గోరువెచ్చటి పాలు అంటుకున్నాయి. గురగురలాడిన పోతు ఇందాకే పారిపోయింది, పడింది దాని ముందున్న పెంటి.

పెంటిని కొట్టకూడదని ఊరంతా కట్టుబాటు పెట్టుకుని పదేళ్ళయింది. ఆ రోజు సభలో లేచి గట్టిగా మాట్లాడినవాళ్ళలో ఆంబ్రోస్ ఒకడు. ఇప్పుడా పాలు వేళ్ళ మధ్య నుంచి కారుతుంటే ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే కూర్చున్నాడు.

విల్లో పొదల్లోంచి దూడ అరిచింది.

వర్జిల్ వచ్చేసరికి అది మూడుసార్లు అరిచింది. అతను పడి ఉన్నదాన్ని చూశాడు, చెట్టుని చూశాడు, బావని చూశాడు.

"గొర్రెలు లేవు బావా," అన్నాడు మెల్లగా.

"ఏ గొర్రెలు?"

"నిన్న. ఆ కొండ మీద ఒక్క గొర్రె కూడా లేదు. నువ్వు మూడన్నావు."

ఆంబ్రోస్ తల వంచుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళా! ఒరే ముసలాడా, కొమ్ముకీ కొమ్మకీ తేడా తెలియని కళ్ళేసుకుని నా ఎదురుగా తుపాకీ పట్టుకున్నావట్రా! నేను ఆ పొదల్లోంచి నడిచొచ్చుంటే? మా అక్క మొగుడివని ఊరుకుంటున్నాను, లేకపోతే ఇక్కడే... ఛీ!" వర్జిల్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. బావని ఏరా అనడం జన్మలో అదే మొదటిసారి. అతనికి కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది, అది గొంతులో తెలుస్తూనే ఉంది.

దూడ మళ్ళీ అరిచింది. పొదల చుట్టూ తిరుగుతోంది కానీ బయటికి రాదు. మేలో పుట్టిన దూడ. తల్లి లేకుండా తొలి మంచు దాటదు, తోడేళ్ళు బతికుండగానే తింటాయి. తల్లిని చంపినవాడు దూడని అలా వదిలి పోకూడదు. ఎవరూ రాసి పెట్టుకోలేదు గానీ ఆ కొండల్లో పసిపిల్లలకి కూడా తెలిసిన మాట.

వర్జిల్ తుపాకీ ఎత్తి, దించాడు. "కుదరదు. ఆకుల్లో కాలిస్తే కడుపుకి తగులుతుంది, ఈడ్చుకుంటూ పోతుంది." అటు తిరిగి అన్నాడు: "పిలువు బావా."

"నా వల్ల కాదురా."

"నీ వల్లే అవుతుంది. ఇంకెవరి వల్లా కాదు."

ఆంబ్రోస్ పెంటి పక్కనే, దాని మెడకి ఆనుకుని కూర్చున్నాడు. దోసిలి నోటికి చేర్చాడు. ఇది పోతుల్ని రప్పించే పిలుపు కాదు. ముక్కులోంచి, కడుపులోంచి వచ్చే మెత్తటి పిలుపు, రా నాన్నా రా అన్నట్టు. నోరీన్‌ని పిలిచింది, జూనీని పిలిచింది దీంతోనే. పొదల్లో చప్పుడాగింది. ఇంకోసారి పిలిచాడు.

దూడ వచ్చింది. వర్జిల్ పక్కనుంచే, అతన్ని చూడనైనా చూడకుండా, పొడుగు కాళ్ళు తడబడుతూ సూటిగా ఆంబ్రోస్ దగ్గరికే వచ్చింది. తల్లిని వాసన చూసింది. తర్వాత ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కుంటూ అతని మోచేతికి ముక్కు ఆనించింది. అంత దగ్గర్లో అతనికీ కనిపించింది. రెండు పెద్ద చెవులు, నాలుగు కాళ్ళు. ముఖం ఉండాల్సిన చోట బూడిద.

వర్జిల్ తుపాకీ ఎత్తబోయాడు. ఆంబ్రోస్ చెయ్యి అడ్డం పెట్టాడు. పిలుపు ఆపకుండానే ఒక చేత్తో దూడ చెవి వెనక నిమిరి, చోటు చూసుకుని, రెండో చేత్తో తన తుపాకీ గొట్టం అక్కడ ఆనించాడు. అది కదల్లేదు. ఎందుకు కదులుతుంది?

మధ్యాహ్నం దాకా ఇద్దరూ మాంసం కోశారు. ఏదీ పారేయలేదు. ముక్కు కోసి విడిగా గుడ్డలో చుట్టాడు వర్జిల్. ఆఖర్న ఆంబ్రోస్ రెండు ఊపిరి గొట్టాలూ తీసి, గాలి బాగా తగిలే కొమ్మకి కట్టాడు. అలా కడితే గాలి వాటిలో దూరి, పోయిన జంతువు మళ్ళీ ఊపిరి తీసుకుంటుందని నమ్మకం. ఒకటి ముంజేయంత ఉంది. రెండోది జానెడు.

"విను బావా," అన్నాడు వర్జిల్ కత్తి తుడుచుకుంటూ. గొంతు మెత్తబడింది. "పొరపాటున నేను కాల్చానని చెబుతాను. ఊరు నాలుగు తిడుతుంది, పడతాను. పిల్ల నీ దగ్గరే ఉంటుంది. కట్టెలూ మాంసమూ నేను చూసుకుంటా. ఆ పిల్ల లేకపోతే నువ్వు బతకవు, నాకు తెలుసు."

ఆంబ్రోస్ కోరుకున్నది అదే. నిన్నటి దాకా ఆ మాట కోసం ప్రాణం ఇచ్చేవాడు. ఇప్పుడు చేతిలో పెట్టినా అందుకోలేకపోయాడు.

"మంచు గట్టిగా ఉందని చెప్పింది నేనే," అన్నాడు.

"ఏం మంచు?"

"ఆ రోజు గట్టు మీద నిలబడి నోరీన్ అడిగింది, దిగొచ్చా నాన్నా అని. దాని కళ్ళు నాకన్నా మంచివి. అయినా నన్నే అడిగింది. నేను చూశాను. ఈ ఒడ్డు తెల్లగా ఉంది, ఆ ఒడ్డు తెల్లగా ఉంది. వెళ్ళు తల్లీ అన్నాను. నడిమధ్య పల్చబడి నల్లగా ఉందట వర్జిల్. తర్వాత అందరూ అన్నారు. నాకు కనిపించలేదు. నేను చెప్పానని అది చూసుకోను కూడా చూసుకోలేదు."

వర్జిల్ కత్తిని నాచులోకి విసిరికొట్టి లేచాడు. వాగు దాకా నడిచి, అటు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. తిరిగొచ్చాక కూడా బావ ముఖంలోకి చూడలేదు.

"ఆ దూడని చూశావుగా," అన్నాడు ఆంబ్రోస్. "గొంతుని నమ్మి వచ్చింది. జూనీ అంతకన్నా నమ్ముతుంది. నేను పిలిస్తే ఎక్కడికైనా వస్తుంది, ఏం చూసుకోకుండా వస్తుంది. ఇంకో నెలకి నది గడ్డ కడుతుంది. కరీన్ దగ్గరికి పంపెయ్ రా. నా దగ్గర ఉంచకు."

"విందు అయ్యాక పంపిద్దాం," అన్నాడు వర్జిల్. ఆ తర్వాత మూట భుజానికెత్తుకుని, "లే. ఇక్కడ రాయి ఉంది, చూసి... నా చొక్కా పట్టుకో," అన్నాడు.

మాంసం దించడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఊరి పైనున్న మలుపు వచ్చింది. ఏళ్ళ అలవాటు కాబట్టి వర్జిల్ మోటారు ఆపేశాడు. ఆపాక గానీ ఏం చేశాడో అతనికి తట్టలేదు. పడవ నీటి వాలుకి కొట్టుకుపోతోంది. ఎంత నిశ్శబ్దమంటే పడవ అడుగున ఇసుక రాసుకుంటున్న గరగర వినిపిస్తోంది. దూరంగా రేవు గట్టు మీద రెండు ఎర్ర చుక్కలు ఆంబ్రోస్ చూపు అంచుకి తగిలాయి. బూట్లు.

నోరు తెరిస్తే గొంతు దానంతటదే పిలుస్తుందని భయమేసి, చలికోటు అంచు పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. ఏడుపు ముక్కులోంచి వస్తోంది.

కాసేపు చూసింది జూనీ. తాత మరిచిపోయాడనుకుంది కాబోలు, తనే రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, దూడలా అరిచింది. బదులు రాలేదు. ఎర్ర చుక్కలు నీళ్ళ అంచు దాకా పరిగెత్తుకొచ్చి ఆగాయి. అక్కణ్ణుంచి మళ్ళీ పిలిచింది.